‘తాత్కాలికం’ అని వ్రాసిన వైద్యులు

బిడ్డకు పెద్ద జబ్బు చేసినప్పుడు తల్లిదండ్రులు ‘పెద్దాస్పత్రి’ అన్న మాటను రెండు విధాలైన భావాలతో తలచుకుంటారు. అక్కడ గొప్ప డాక్టర్లు ఉంటారన్న ఆశ ఒకటి. అక్కడ విద్యార్థులు గుంపుగా మంచం చుట్టూ నిలబడతారు, ఒకరి తరువాత ఒకరు పొట్ట నొక్కి చూస్తారు, మన బిడ్డ మీద చదువు నేర్చుకుంటారు, గుణం తెలియని మందులు ప్రయోగిస్తారు అన్న జంకు మరొకటి. హైదరాబాదులోని నీలోఫర్ ఆస్పత్రికి గాని, విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆస్పత్రికి గాని, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు గాని బిడ్డను భుజాన వేసుకుని వచ్చే కుటుంబాలలో ఈ ఆశ, ఈ జంకు రెండూ కలిసే ప్రయాణం చేస్తాయి.

ఆ జంకును అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. అది సహేతుకమైన ప్రశ్న. వైద్యం చేయడం, వైద్యం నేర్పడం, వైద్యాన్ని పరిశోధించడం అనే మూడు పనులూ ఒకే కప్పు కింద, ఒకే మంచం పక్కన ఎందుకు జరగాలి? చికిత్సకు ఒక చోటు, చదువుకు ఒక చోటు, పరిశోధనకు మరొక చోటు కేటాయిస్తే వచ్చే నష్టమేమిటి? తర్కం చెప్పే సమాధానం కంటె చరిత్ర చెప్పే సమాధానం ఇక్కడ బలమైనది. ఆ చరిత్ర పసిపిల్లల రక్త కాన్సరుది. అందులో ప్రధాన భాగం అమెరికాలోని ఒక పిల్లల ఆస్పత్రిలో నడిచింది. ఒక ముఖ్యపాత్ర భీమవరంలో పుట్టిన తెలుగువానిది.

ఇరవై మంచాలతో ఆరంభం

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1869లో పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి వెలిసింది. ఆరంభంలో అందులో ఉన్నవి ఇరవై మంచాలు. పిల్లలు చిన్న సైజు పెద్దవారు కారని, వారి శరీరధర్మమూ వ్యాధులూ వేరని వైద్యలోకం అప్పుడప్పుడే గుర్తిస్తున్న కాలమది. 1903లో ఈ ఆస్పత్రి హార్వర్డ్ వైద్య కళాశాలకు అనుబంధ బోధనాలయమైంది. నాటి నుంచి అక్కడి వార్డులలో రోగి, గురువు, శిష్యుడు, పరిశోధకుడు కలిసి మెలగడం అలవాటయింది.

ఆ కలయిక ఎటువంటి ఫలితాలనిచ్చిందో తెలుసుకోవడానికి రెండు ఉదాహరణలు చాలు. గర్భస్థ శిశువులో గుండెకు సమీపాన తెరచి ఉండి, పుట్టిన తరువాత మూసుకుపోవలసిన రక్తనాళం ఒకటి ఉంది. కొందరు పిల్లలలో అది మూసుకుపోదు. 1938 ఆగస్టు 26న రాబర్ట్ గ్రాస్ అనే వైద్యుడు ఏడేళ్ల బాలికకు శస్త్రచికిత్స చేసి ఆ నాళాన్ని బిగించి కట్టారు. అప్పటికి ఆయన ఇంకా శిక్షణ పొందుతున్న ముఖ్య రెసిడెంటు మాత్రమే. అంతకు ముందు ప్రయోగశాలలో జంతువుల మీద ఆ పని పదేపదే చేసి చేయి కుదుర్చుకున్నారు. ఆ బాలిక పెరిగి పెద్దదై వృద్ధాప్యం దాకా జీవించింది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలను శస్త్రచికిత్సతో సరిదిద్దే యుగానికి అది నాంది.

రెండవది 1949 నాటిది. అదే ఆస్పత్రిలోని ప్రయోగశాలలో జాన్ ఎండర్స్, థామస్ వెల్లర్, ఫ్రెడరిక్ రాబిన్స్ పోలియో వైరస్‌ను నాడీసంబంధం లేని కణజాలంలో పెంచవచ్చునని నిరూపించారు. పోలియో టీకా తయారీకి దారి తెరిచిన ఈ పరిశోధనకు 1954లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఈ రెండు విజయాలకు మధ్య కాలంలో, అదే ఆవరణలో, విజయమని పిలవడానికి చేసినవారే సంకోచించిన మరొక పని జరిగింది. మనం చెప్పుకోవలసినది దాని గురించే.

లెక్కపెట్టగలిగిన మృత్యువు

మన రక్తం ఎముకల లోపలి మూలుగలో తయారవుతుంది. అక్కడ తెల్లకణాల మాతృకణాలు అదుపు తప్పి, పరిణతి చెందకుండానే లెక్కకు మిక్కిలిగా పెరిగితే అది లుకేమియా. పనికిరాని కణాలు మూలుగ నంతటినీ ఆక్రమించుకోగా ఎర్రకణాలకు చోటుండదు, బిడ్డ పాలిపోతుంది. ఆరోగ్యవంతమైన తెల్లకణాలు తగ్గి జ్వరాలు విడవవు. రక్తాన్ని గడ్డకట్టించే సూక్ష్మకణాలు తగ్గి ఒంటిమీద కమిలిన మచ్చలు పడతాయి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. ఎముకలు నొప్పిపుట్టి పసివాడు నడవడానికి నిరాకరిస్తాడు. పిల్లలలో సర్వసాధారణంగా కనిపించే కాన్సరు ఇదే.

1940లలో ఈ వ్యాధి నిర్ధారణ అయిందంటే బిడ్డకు మిగిలినవి కొన్ని వారాలు, మహా అయితే కొద్ది నెలలు. వైద్యులు రక్తమెక్కించేవారు, నొప్పి తగ్గించేవారు, తరువాత తల్లిదండ్రులను ఓదార్చేవారు. అంతకు మించి వారి చేతిలో ఏమీ లేదు.

సిడ్నీ ఫార్బర్ ఆ ఆస్పత్రిలో రోగనిదాన శాస్త్రజ్ఞుడు. 1903లో జన్మించిన ఆయన, 1929లో అక్కడ ఆ శాఖలో పూర్తికాలపు ఉద్యోగిగా చేరారు. చనిపోయిన పిల్లల అవయవాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి మరణకారణాన్ని నిర్ణయించడం ఆయన విధి. దాదాపు రెండు దశాబ్దాలు ఆ పని చేసిన మనిషి, మరణానంతరం కారణం చెప్పడంతో తృప్తి చెందలేకపోయారు. ప్రయోగశాల వదిలి వార్డులోకి నడిచారు.

లుకేమియాను ఆయన ఎన్నుకోవడంలో ఒక యుక్తి ఉంది. శరీరం లోతులలో పెరిగే కంతిని నాడు రోజూ కొలవడం సాధ్యం కాదు. లుకేమియా కణాలు రక్తంలో ప్రవహిస్తాయి. ఒక చుక్క రక్తం తీస్తే వాటిని లెక్కపెట్టవచ్చు. మందు ఇచ్చిన తరువాత లెక్క తగ్గిందో పెరిగిందో నిక్కచ్చిగా తేలుతుంది. ఆశలకూ భ్రమలకూ అక్కడ తావు తక్కువ.

బొంబాయి మిల్లుల నుంచి బోస్టన్ వార్డుకు

ఫార్బర్ చేతికి వచ్చిన మందుకు మూలం మన దేశంలో ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చారు. అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు గర్భవతులుగా ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతకు గురయ్యేవారు. తగిన ఆహారం లేకపోవడమే కారణమని విల్స్ అనుమానించారు. ‘మార్మైట్’ అనే చవకైన ఈస్టు సారం తినిపిస్తే వారి రక్తం పుంజుకుంటున్నదని గమనించి 1931లో ప్రకటించారు. అందులోని గుణకారి ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పాలకూర జాతి ఆకుల నుంచి అటువంటి పదార్థాన్నే వేరుచేశారు. లాటిన్ భాషలో ఆకు అనే అర్థమిచ్చే మాటను తీసుకుని దానికి ‘ఫోలిక్ ఆమ్లం’ అని పేరు పెట్టారు.

ఆ ఆమ్లాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. యౌవనంలోనే ఆయన సోదరులు ఇద్దరు, కొద్ది రోజుల తేడాలో, ‘స్ప్రూ’ అనే జీర్ణకోశ వ్యాధికి బలి అయ్యారు. ఆ శోకాన్ని గుండెలో పెట్టుకుని 1920ల ఆరంభంలో బోస్టన్ చేరి, పొట్టకూటికి ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువు సాగించారు. రక్తంలోని భాస్వరాన్ని కొలవడానికి 1925లో ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన పద్ధతిని తరతరాల వైద్య విద్యార్థులు వారి జంట పేర్లతోనే నేర్చుకున్నారు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లి అక్కడి పరిశోధనకు సారథ్యం వహించారు. 1945 నాటికి ఆయన సహచరులు ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించగలిగారు. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకు ఆ ఆమ్లమే ఔషధమని తేలడం విధి విచిత్రం.

ఫార్బర్ ఆలోచన ఇది: రక్తహీనతలో మూలుగను సరిదిద్దే ఫోలిక్ ఆమ్లం, లుకేమియాలో చెడిన మూలుగను కూడ సరిదిద్దుతుందేమో! సుబ్బారావు ప్రయోగశాల నుంచి ఆ ఆమ్లపు రూపాంతరాలను తెప్పించి రోగులకు ఇచ్చారు. ఫలితం తలకిందులయింది. వ్యాధి తగ్గలేదు సరికదా, మూలుగలో దాని వేగం పెరిగినట్టు కనిపించింది.

ఈ ఘట్టంలో పరిశోధకుని శీలానికి పరీక్ష ఎదురవుతుంది. ఆ ఫలితాన్ని కప్పిపుచ్చి ఊరుకోవచ్చు. ఫార్బర్ దానిని గ్రంథస్థం చేశారు. దాని నుంచే రెండవ ప్రశ్న పుట్టించారు: ఫోలిక్ ఆమ్లం ఈ దుష్టకణాలకు ఆహారమయితే, ఆ ఆహారాన్ని అడ్డగించే పదార్థం వాటిని మాడ్చి చంపదా? సుబ్బారావు బృందంలోని రసాయన శాస్త్రజ్ఞులు అటువంటి పదార్థాలను తయారుచేశారు. అవి చూపులకు ఫోలిక్ ఆమ్లం వంటివే. దొంగ తాళంచెవి తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయినట్లు, కణంలో దాని స్థానాన్ని ఆక్రమించి పని జరగనివ్వవు. వాటిలో శక్తిమంతమైనది అమినోప్టెరిన్.

పదహారు మంది పిల్లలు

1947 చివర ఆ మందు తొలిసారిగా ఒక పసివానికి ఎక్కింది. మరి కొందరికి ఇచ్చారు. ఆస్పత్రిలోని వైద్యులందరూ దీనిని హర్షించలేదు. ఎలాగూ పోయే బిడ్డను సూదులతో హింసించడమెందుకు, ప్రశాంతంగా కన్నుమూయనివ్వరాదా అన్నవారున్నారు. ఆ మాటలో దయ ఉంది. అయితే ఆ దయ వల్ల వచ్చే ఏడాది వచ్చే బిడ్డకు ఒరిగేదేమీ లేదు. ఫార్బర్‌ను వేధించిన ప్రశ్న అదే.

మందుకు విషగుణం కూడ ఉంది. నోరు పూసి పుండ్లు పడేవి, రక్తస్రావమయ్యేది. మోతాదు కాస్త ఎక్కువైతే ప్రాణాపాయం. అయినా కొందరు పిల్లలలో ఎవరూ ఎన్నడూ చూడనిది జరిగింది. తెల్లకణాల లెక్క దిగివచ్చింది. ఉబ్బిన ప్లీహం తగ్గింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు.

1948 జూన్ 3న ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అనే వైద్యపత్రికలో ఫార్బర్, ఆయన సహచరులు నలుగురు కలిసి తమ వ్యాసాన్ని ప్రకటించారు. మందు ఇచ్చిన పదహారు మంది పిల్లలలో పదిమందికి గుణం కనిపించింది. లుకేమియా చరిత్రలో అటువంటి ఫలితం అదే మొదలు. కాని వ్యాసం పేరులో వారు పెట్టిన మొట్టమొదటి విశేషణం ‘తాత్కాలిక’ అన్నది. తాత్కాలికంగా వ్యాధి తగ్గిందని మాత్రమే వారు లోకానికి చెప్పారు. కొద్ది నెలలలో జబ్బు తిరగబెట్టింది. పిల్లలు దక్కలేదు.

ఈ ఒక్క మాటను పాఠకులు మనసున నిలుపుకోవాలి. ‘నయం చేశాం’ అని చాటుకుని ఉంటే పత్రికలు చప్పట్లు కొట్టేవి, కొంతకాలానికి నిజం బయటపడి ఆ మార్గమే అపఖ్యాతి పాలయ్యేది. ‘తాత్కాలికం’ అని వ్రాయడం వల్ల తరువాతి వారి ముందు ఒక స్పష్టమైన పని నిలిచింది: తాత్కాలికాన్ని శాశ్వతం చేయడం ఎలా? చనిపోయిన ఆ పిల్లలు తమ తరువాతి వారికి ఇచ్చిపోయిన ఆస్తి ఆ ప్రశ్న. దానిని నిజాయితీగా వ్రాసిపెట్టినవారు లేకపోతే ఆ ఆస్తి మట్టిలో కలిసేది.

గురువు నుంచి శిష్యునికి

తాత్కాలికం శాశ్వతం కావడానికి పాతిక సంవత్సరాలు పట్టింది. ఒక మనిషి జీవితకాలంలో, ఒక ఆస్పత్రి ప్రహరీలో ముగిసే పని కాదది. బోధన అవసరమేమిటో ఇక్కడ బోధపడుతుంది.

1950లలో ఫార్బర్ వద్దకు వచ్చి పనిచేసిన యువ వైద్యులలో డొనాల్డ్ పింకెల్ ఒకరు. 1962లో మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాస్పత్రి తెరిచినప్పుడు ఆయన దానికి మొదటి డైరెక్టరయ్యారు. ఆ నగరంలో నల్లవారికీ తెల్లవారికీ వేర్వేరు వసతులు అమలులో ఉన్న రోజులలో ఆ ఆస్పత్రి ఏ బిడ్డనూ వర్ణం చూసి తిప్పిపంపలేదు, డబ్బు అడగలేదు.

ఈ లోగా కొత్త మందులు వచ్చాయి. అమినోప్టెరిన్ స్థానంలో దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నిలిచింది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ రూపొందించిన 6-మెర్కాప్టోప్యూరిన్ చేరింది. మన పెరళ్లలో విరివిగా పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ లభించింది. ఒక్కొక్క మందును విడిగా ఇస్తే వ్యాధి కొంతకాలం తలవంచి, ఆ మందుకు అలవాటుపడి, మళ్లీ లేచేది. అన్నిటినీ కలిపి ఒకేసారి ఇస్తే తప్పించుకోలేదు కదా అని అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలోని ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ వంటివారు 1960ల ఆరంభంలో సాహసించారు. మూలుగ శుభ్రపడింది. కాని కొందరు పిల్లలు కొద్ది నెలల తరువాత తలనొప్పితో, వాంతులతో తిరిగివచ్చారు. మందులు చొరబడలేని మెదడు పొరలలో వ్యాధి దాగి ఉన్నదన్న మాట.

పింకెల్ బృందం ఆ దాగుడుచోటును ముందుగానే ముట్టడించింది. తలకు రేడియేషన్, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా మెథోట్రెక్సేట్, ఆ పైన రెండు మూడు సంవత్సరాలు విడవకుండా మందులు ఇచ్చారు. 1967లో మొదలుపెట్టిన ఐదవ చికిత్సా ప్రణాళికలో దాదాపు సగం మంది పిల్లలు వ్యాధి తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి జీవించారు. లుకేమియా విషయంలో ‘నయం’ అన్న మాటను వైద్యులు ధైర్యంగా వాడింది అప్పుడే.

నయం కావడం చాలునా?

కథ ఇక్కడ ముగిస్తే సుఖాంతంగా ఉండేది. పెద్దాస్పత్రుల పరిశోధన దానిని ముగియనివ్వలేదు. బతికిన పిల్లలను పదేళ్లు, ఇరవై ఏళ్లు వెంబడించి చూసినవారికి కొత్త దుఃఖం కనిపించింది. తలకు రేడియేషన్ ఇచ్చిన పసివారిలో కొందరు చదువులో వెనుకబడ్డారు. కొందరిలో ఎదుగుదల తగ్గింది. కొందరికి పెద్దయ్యాక వేరే కంతులు వచ్చాయి. ప్రాణం నిలిపిన చికిత్సే జీవితాన్ని కుంచింపజేసింది.

మళ్లీ ప్రశ్న, మళ్లీ పరిశోధన. మందులను మరింత నేర్పుగా సమకూర్చి, ద్రవంలోకి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను సక్రమంగా వాడితే తలకు రేడియేషన్ అక్కరలేదని సెయింట్ జూడ్ వైద్యులు 2009లో ప్రకటించిన ఫలితాలు స్పష్టం చేశాయి. బోస్టన్‌లో ఫార్బర్ ప్రారంభించిన మార్గం నుంచి వచ్చిన మందే పసివారి మెదడును కాపాడింది.

నేడు సంపన్న దేశాలలో ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో నూటికి సుమారు 90 మంది బతుకుతున్నారు. ఈ అభివృద్ధిలో అధికభాగం అద్భుతమైన కొత్త మందుల వల్ల రాలేదు. 1970లకు ముందే తెలిసిన మందులను ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్కలు సరిచేయడం వల్ల వచ్చింది. ఆ లెక్కలు సరిచేయడానికి ఒక్క ఆస్పత్రికి వచ్చే రోగులు చాలరు. అందుకే అనేక ఆస్పత్రులు జట్టుకట్టి, ఒకే ప్రణాళికను అనుసరించి, ప్రతి బిడ్డ ఫలితాన్నీ ఒకే చోట నమోదు చేశాయి. అటువంటి నాలుగు జట్లు 2000 సంవత్సరంలో కలిసి అమెరికాలో ‘చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్’గా ఏర్పడ్డాయి. రోగి స్వంత రక్షణ కణాలను లుకేమియా మీదికి ఉసిగొలిపే బ్లినాటుమొమాబ్ అనే కొత్త మందును మామూలు చికిత్సకు జోడిస్తే, మూడేళ్ల పాటు వ్యాధి లేకుండా ఉన్న పిల్లల శాతం 88 నుంచి 96కు పెరిగిందని ఆ జట్టు 2024లో వెల్లడించింది.

మన వార్డులలో

మన దేశం ఈ ప్రయాణంలో ప్రేక్షకురాలు మాత్రమే కాదు. 1941లో బొంబాయిలో వెలిసిన టాటా స్మారక ఆస్పత్రి, మద్రాసులోని కాన్సర్ ఇన్స్టిట్యూట్, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 1980లలో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ సహకారంతో ‘ఎం.సి.పి. 841’ అనే చికిత్సా ప్రణాళికను చేపట్టాయి. మన పిల్లల పోషణ స్థితికి, మన ఆస్పత్రుల రక్తనిధి వసతులకు, మన కుటుంబాల ఆర్థిక శక్తికి తట్టుకునేలా దానిని రూపొందించారు. పద్నాలుగు సంవత్సరాల అనుభవాన్ని 2005లో లోకానికి అందించారు. తరువాతి కాలంలో వివిధ నగరాల భారతీయ ఆస్పత్రులు తమలో తాము జట్టుకట్టి స్వంత ప్రణాళికలతో పరిశోధన సాగిస్తున్నాయి.

అయినా అంతరం పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమారవయస్కులు కాన్సరు పాలవుతున్నారు. సంపన్న దేశాలలో వారిలో నూటికి 80 మందికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యాదాయ దేశాలలో 30 మందికైనా కావడం లేదు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది పిల్లలను బతికించాలన్న లక్ష్యాన్ని ఆ సంస్థ 2018లో నిర్దేశించుకుంది.

ఈ అంతరానికి కారణం మందు తెలియకపోవడం కాదు. మెథోట్రెక్సేట్, విన్‌క్రిస్టిన్ మన దేశంలోనే తయారవుతున్నాయి. బిడ్డ పాలిపోయిన నాటికీ వ్యాధి బయటపడిన నాటికీ మధ్య వారాలు గడిచిపోతాయి. పోషణ లేని శరీరం మందు తీవ్రతను తట్టుకోలేదు. తెల్లకణాలు తగ్గిన సమయంలో సోకే అంటుజబ్బులు ప్రాణం తీస్తాయి. అన్నిటికంటె బాధాకరమైనది చికిత్సను మధ్యలో విడిచిపెట్టడం. మొదటి నెలలోనే బిడ్డ తేరుకుంటుంది, ఆడుతుంది, అన్నం తింటుంది. జబ్బు పోయిందనుకుంటారు. ఊళ్లో కూలిపని పోయింది, నగరంలో ఉండడానికి చోటు లేదు, ఇంటి దగ్గర మరొక పిల్ల ఉంది. రెండేళ్ల చికిత్స రెండు నెలలలో ఆగిపోతుంది. 1948లో ఫార్బర్ చూసిన ‘తాత్కాలికం’ అప్పుడు అదే బిడ్డలో మళ్లీ నిజమవుతుంది. ఆ రోజు మందు చాలక జరిగినది, నేడు బస్సు ఛార్జీ చాలక జరుగుతోంది.

ఇందుకు విరుగుడు కూడ బోధనాస్పత్రులే కనుగొన్నాయి. బిడ్డతోపాటు కుటుంబాన్ని కూడ రోగిగా భావించి, వైద్యుడు, నర్సు, పోషకాహార నిపుణుడు, సామాజిక కార్యకర్త కలిసి పనిచేయాలన్నది ఫార్బర్ ‘సమగ్ర సంరక్షణ’ అని పిలిచిన విధానం. తల్లిదండ్రులకు బస, భోజనం, ప్రయాణపు ఖర్చు సమకూర్చి, రాని బిడ్డ ఇంటికి ఫోను చేసి పిలిపించే ఏర్పాటు చేసిన చోట్ల చికిత్స విడిచిపోయేవారి సంఖ్య తగ్గింది. కూలి పోతుందని చికిత్స మానే తండ్రికి ఏమి చేయాలన్నది కూడ, ఏ మందు ఎంత ఇవ్వాలన్నంత గంభీరమైన పరిశోధనాంశమే.

తల్లిదండ్రుల హక్కు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. మన బిడ్డ మీద చదువుకుంటారా? అవును, చదువుకుంటారు. ఆ చదువుకు హద్దులుండాలి. ఫార్బర్ కాలంలో ఆ హద్దులు నేటివలె వ్రాతపూర్వకంగా లేవు. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకిలో పరిశోధనా నీతిని ప్రకటించింది. పిల్లలతో జరిపే పరిశోధన గురించి భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. దానితోపాటు ఏడేళ్లు నిండిన బిడ్డ అంగీకారాన్ని మాటగా, పన్నెండేళ్లు నిండిన బిడ్డ అంగీకారాన్ని వ్రాతగా తీసుకోవాలి.

కనుక తల్లిదండ్రులు నిర్భయంగా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మా బిడ్డకు ఇస్తున్నది స్థిరపడిన చికిత్సా, పరిశోధనా? పరిశోధనయితే దేనిని దేనితో పోలుస్తున్నారు? మేము వద్దంటే మామూలు చికిత్స ఆగదు కదా? ఈ యువ డాక్టరు పైన బాధ్యత వహించే పెద్ద డాక్టరు ఎవరు? ఈ ప్రశ్నలకు ఓపికగా, అర్థమయ్యే తెలుగులో సమాధానం చెప్పడం వైద్యుని ధర్మం. చెప్పలేని చోట అడగడం మానవలసిన అవసరం లేదు.

మంచం చుట్టూ నిలబడే విద్యార్థుల గురించి ఒక మాట. విద్యార్థి ‘ఎందుకు?’ అని అడిగినప్పుడు గురువు కారణం బయటికి చెప్పవలసి వస్తుంది. చెప్పలేకపోతే ఆ చికిత్సను మళ్లీ ఆలోచించవలసి వస్తుంది. ప్రశ్నించేవారు లేని చోట పొరపాటు అలవాటుగా మారి స్థిరపడుతుంది. రాత్రి రెండు గంటలకు బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు పరుగెత్తుకు వచ్చేది కూడ సాధారణంగా ఆ శిక్షణలోని డాక్టరే. రేపు ఏలూరులోనో, ఆదిలాబాదులోనో పాలిపోయిన బిడ్డను చూసి, ఇది ఉట్టి రక్తహీనత కాదు, రక్తపరీక్ష చేయించండి అని సకాలంలో చెప్పగలిగేది నేడు ఈ మంచం పక్కన నిలబడి నేర్చుకున్నవాడే.

యల్లాప్రగడ సుబ్బారావు 1948 ఆగస్టులో, ఫార్బర్ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, యాభైమూడవ ఏట మరణించారు. తన ప్రయోగశాల నుంచి వెళ్లిన మందు లుకేమియాను కొన్ని నెలలు నిలువరించిందని మాత్రమే ఆయనకు తెలుసు. ఫార్బర్ 1973 వరకు జీవించి, సగం మంది పిల్లలు నిలబడగలిగిన రోజును చూశారు. ఆ పదహారు మంది పిల్లలు ఏ రోజునూ చూడలేదు. నేడు మన నగరాల వార్డులలో చేతికి సెలైన్ సూది పెట్టుకుని, గుండు తలతో, కథల పుస్తకం తిరగవేస్తున్న ప్రతి బిడ్డ ఆయుర్దాయంలో వారి వాటా ఉంది. ఆ బాకీ తీర్చే మార్గం ఒక్కటే: మొదలుపెట్టిన చికిత్సను చివరిదాకా సాగనివ్వడం, నేర్చినదానిని దాచకుండా వ్రాసిపెట్టడం.